ముక్కుకు రుమాలు కడతారు గానీ ముక్కు మూసుకుంటారా?

తాండూరులో కంప్యూటర్ కొనబోయేవాడికి ఒక సలహా ఉచితంగా దొరుకుతుంది. షాపులో చెబుతారు, బావమరిది చెబుతాడు, హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న పక్కింటి కుర్రాడూ అదే చెబుతాడు. "మనూరి దుమ్ము సంగతి తెల్వదా అన్నా? ముందట జాలీ ఉన్న కేబినెట్ తీస్కుంటే నెలకే మట్టికుప్ప అయితది. అద్దం ఉన్నది తీస్కో. గట్టిగ మూసి ఉంటది, లోపట సాఫ్‌గ ఉంటది."

వినడానికి ఎంత సబబుగా ఉందో! అందుకే దీనికి ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. నేను వికారాబాద్‌లో ఉంటూ వారానికి రెండుసార్లయినా రైలెక్కి తాండూరు పోయి మెషీన్లు విప్పి బిగించి వస్తుంటాను. ఆ గట్టిగా మూసిన డబ్బాలు విప్పినప్పుడల్లా నా ఒళ్లో పడే దుమ్ము ఈ సలహా ఇచ్చినవాళ్ల ఒళ్లో పడితే బాగుండును అనుకుంటాను.

దుమ్ము లేదని వాదించే మొండితనం నాకు లేదు. తాండూరు బతికేదే బండల మీద. నీలం, పసుపు నాపరాళ్లను కోసి పాలిష్ పట్టే యూనిట్లు ఊరి చుట్టూ ఉన్నాయి. కోసేటప్పుడు నీళ్లు పోస్తారు కాబట్టి అక్కడికక్కడ లేచేది తక్కువే. ఆ నీళ్లతో పారిన తెల్లబురద ఎండిపోయి, లారీ చక్రాల కింద నలిగి, ముగ్గుపిండిలా లేచినప్పుడు ఉంటుంది అసలు కథ. దానికి తోడు సిమెంటు లారీలు. కందులు దిగే కాలంలో పప్పు మిల్లుల పొట్టు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం. ఆ పొట్టు ప్రాసెసర్ ఫ్యాన్ రెక్కల మీద పేరుకున్నప్పుడు మాత్రం ఆ గొప్ప గుర్తుకు రాదు. నలభై కిలోమీటర్ల ఇవతల మా వికారాబాద్ సంగతి వేరు. క్షయరోగులకు గాలి మంచిదని ఆసుపత్రి కట్టిన అనంతగిరి కొండ మా పక్కనే. ఇక్కడివాళ్ల మాట "మా దగ్గర గాలి సాఫ్, ఏ డబ్బా అయినా నడుస్తది". తాండూరువాళ్లు దుమ్ము ఉందని, మావాళ్లు దుమ్ము లేదని, ఇద్దరూ పోయి అదే అద్దం డబ్బా కొంటారు.

సలహా ఇచ్చేవాళ్లు ఒక చిన్న సంగతి మరిచిపోతున్నారు. కంప్యూటర్‌కు గాలి కావాలా వద్దా అన్నది మన ఇష్టం మీద లేదు. లెక్క చూడండి. పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేసే ఒక మామూలు స్టూడియో మెషీన్ ఉందనుకోండి. అందులో ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్ పూర్తి జోరు మీద 117 వాట్ల దాకా తీసుకోగలదు. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు 170 వాట్లు. మిగతా సామాను కలిపితే 300 దాటుతుంది. తిన్న కరెంటంతా చివరికి వేడిగా మారాల్సిందే. అంటే ఆ డబ్బాలో పాతకాలపు వంద వాట్ల బల్బులు మూడు వెలుగుతున్నట్టే. ఆ వేడిని బయటికి మోసుకుపోయే కూలీ గాలి ఒక్కటే. ఒక ఘనపు మీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కితే మోసేది 1,200 జౌళ్లు, మన ఎండల్లో ఇంకా తక్కువ. ఈ లెక్కన లోపలి గాలి బయటి గాలి కన్నా పది డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు పాతిక లీటర్లకు పైగా గాలి మారాలి. ఇంట్లో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ ఉంటుంది కదా, దాని కన్నా ఎక్కువ గాలి, ప్రతి సెకనుకూ. అందులో సగమే అందిందా, తేడా పది కాస్తా ఇరవై అవుతుంది. మే నెలలో గది 40 డిగ్రీలుంటే డబ్బా లోపలి గాలే 60. ప్రాసెసర్ మీది ఫ్యాన్ గింగిరాలు తిరిగినా దానికి దొరికేది ఆ 60 డిగ్రీల గాలే.

ఇప్పుడు అద్దం డబ్బాను ఎదురుగా పెట్టుకుని కొలవండి. ముందు అద్దం, దాని వెనక రంగురంగుల లైట్ల ఫ్యాన్లు మూడు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ మూడింటి నోళ్లు కలిపితే నడిమి మోటారు పోను 270 చదరపు సెంటీమీటర్ల పైమాటే. ఆ మూడు నోళ్లకూ గాలి వచ్చే దారి ఏది? అద్దానికీ ఫ్రేముకూ మధ్య ఒక పక్కన సెంటీమీటరు వెడల్పు, నలభై సెంటీమీటర్ల పొడవు చీలిక. నలభై చదరపు సెంటీమీటర్లు. అదే గాలి ఆ సందులోంచి దూరాలంటే దాదాపు ఏడు రెట్లు వేగంగా రావాలి. వేగం ఏడు రెట్లయితే దానికి కావాల్సిన ఒత్తిడి ఏడేళ్ల నలభై తొమ్మిది రెట్లు. అరచేతి మందం కూడా లేని ప్లాస్టిక్ ఫ్యాన్ ఎక్కడి నుంచి తెస్తుంది అంత బలం? అవి తిరుగుతూనే ఉంటాయి, వెలుగుతూనే ఉంటాయి, గాలి మాత్రం రాదు. షాపులో అమ్ముడుపోయేది ఆ వెలుగే.

ముందు నుంచి రాకపోతే మానె, దుమ్ము కూడా రాదు కదా అంటారు. అసలు మోసం ఇక్కడే ఉంది. వెనక ఒక ఫ్యాన్, పైన రెండు ఫ్యాన్లు లోపలి గాలిని బయటికి తోడేస్తూనే ఉంటాయి. తోడినంతా ఎక్కడి నుంచో రావాలి.

ఈ సంగతి నోటితో చెబితే నమ్మరని ఒకసారి తాండూరులో ఒక స్టూడియోలో కళ్లకు చూపించాను. ఏప్రిల్ నెల, ముహూర్తాల మధ్య ముహూర్తాలు. వీడియో తయారవుతుండగా మెషీన్ దానంతట అది ఆగిపోతోంది. యజమాని లోపలి సామానుకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ కొత్తది వేయించారు, విండోస్ మళ్లీ వేయించారు, గుమ్మానికి గుమ్మడికాయ కూడా కట్టించారు. నేను పోయి, గోడకున్న దేవుడి పటం దగ్గర వెలుగుతున్న ఊదుబత్తిని తీసి కేబినెట్ ముందు అద్దం దగ్గర పట్టాను. పొగ తిన్నగా పైకి లేచింది. కేబినెట్ వైపు తొంగి కూడా చూడలేదు. అదే బత్తిని వెనక్కు తీసుకుపోయి గ్రాఫిక్స్ కార్డు కింద, ఖాళీ స్లాట్ల రేకుల దగ్గర పెట్టాను. పొగ సూది గుచ్చినట్టు వంగి లోపలికి పోయింది. ఒక స్లాటుకు రేకే లేదు. ఎవరో ఎప్పుడో విరగ్గొట్టి పారేశారు. అక్కడైతే పొగ పాములా దూరింది. డోరు విప్పితే ఆ సందుల వెంబడి బూడిదరంగు మీసాలు, ఎక్కడెక్కడ సందుందో ఎవరో సుద్దతో గీసి చూపించినట్టు. ముందు తలుపు మూశామని మురిసిపోతుంటే దుమ్ము పెరటి దారిన వచ్చి కాపురం పెట్టింది. ఆ దారిలో దాన్ని ఆపడానికి ఒక్క జాలీ ముక్క లేదు.

ప్రాసెసర్ కూలర్‌ను ఊడదీసి చూస్తే ఫ్యాన్‌కూ అల్యూమినియం రేకులకూ నడుమ కంబళి ముక్క లాంటిది పరుచుకుని ఉంది. గోటితో అంచు లేపితే ముక్క ముక్కంతా ఒకే పొరగా ఊడి వచ్చింది. వట్టి బండ పొడి అలా కంబళి కాదు. సన్నని పొడి చాలావరకు గాలితో పాటే రేకుల్లోంచి దూరి బయటికి పోతుంది. బట్టల నూగు, వెంట్రుకలు, పొట్టు వచ్చి రేకులకు అడ్డం పడి ముందు ఒక వల అల్లుతాయి. ఆ వలలో పొడి చిక్కుకుంటుంది. అందుకే ముందు పెట్టే ఫిల్టర్ సన్నని పొడిని ఆపలేదన్న వాదన నిజమే అయినా దానితో వచ్చే నష్టం తక్కువ. ఫిల్టర్ ఆపాల్సింది ఆ నూగును, ఆపేదీ దాన్నే.

కేబినెట్లు చేసే కంపెనీలు ఈ పాఠం ఎప్పుడో నేర్చుకున్నాయి. ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ 2019లో తెచ్చిన హెచ్510కి ముందంతా మూసిన ఉక్కు రేకు. చూడముచ్చటగా ఉందని పేరూ తెచ్చుకుంది. 2021లో అదే కంపెనీ అదే డబ్బాకు ముందు చిల్లుల రేకు తగిలించి హెచ్510 ఫ్లో అని మళ్లీ అమ్మింది. ఫ్రాక్టల్ డిజైన్‌వాళ్లు డిఫైన్ సి అనే మూసిన కేబినెట్‌కు తోడుగా 2017లో మెషిఫై సి అని జాలీ ముఖంతో ఒకటి తెచ్చారు.

"వాళ్లది అమెరికా, వీళ్లది స్వీడన్. వాళ్లకేం తెలుసు తాండూరు దుమ్ము?" అని నన్ను నిలదీసిన ఒక బండల వ్యాపారి ఉన్నారు. మంచి మనిషి, చాయ్ తాగనిదే పంపరు. ఆయన ఆఫీసు గదిలో కిటికీకి పెద్ద కూలర్ బిగించి ఉంది. మూడు పక్కలా గడ్డి, మూడు పక్కలా జాలీ. నేనన్నాను, "దుమ్ము వస్తుంది కదా సేఠ్, ఆ మూడు పక్కలా రేకు కొట్టించి మూసేయరాదూ?" ఆయన నవ్వి, "మూస్తే గాలేడికెల్లి వస్తది పంతులూ?" అన్నారు. ఆ తర్వాత నా వైపు అదోలా చూశారు గానీ మాట మార్చేశారు.

తెలంగాణలో కూలర్ వాడే ప్రతి ఇల్లాలికీ ఈ శాస్త్రం తెలుసు. కూలర్‌ను గోడకు ఆనించి పెట్టకూడదు. గడ్డి తడిగా, శుభ్రంగా ఉండాలి. ఎదురుగా తలుపో కిటికీయో ఓరగా తెరిచి ఉంచాలి, లేకపోతే గది జిగటగా ఉడుకుతుంది. అప్పుడు ఇంకో మేలు కూడా జరుగుతుంది. కూలర్ గాలి గదిలోకి తోస్తున్నంతసేపూ తలుపు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, బయటి దుమ్ము ఆ సందుల్లోంచి లోపలికి రాలేదు. కేబినెట్‌కు కావాల్సిందీ అచ్చంగా ఇదే. ముందు జాలీ వెనక రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒక్కటి బయటికి. లోపలికి వచ్చేది బయటికి పోయే దానికన్నా కాస్త ఎక్కువ ఉంటే సందులన్నీ బయటికే ఊదుతాయి. వచ్చే గాలంతా ఒక్క దారిన, ఒక్క జాలీ దాటి వస్తుంది. మరి పైన రెండు ఫ్యాన్లు? తీసి అటక మీద పెట్టండి. ఎన్ని ఫ్యాన్లుంటే అంత చల్లదనం అనేది, మూసి ఉంటే శుభ్రం అనే మూఢనమ్మకానికి పుట్టిన పిల్ల నమ్మకం.

ఇందులో కొత్తదనం కూడా ఏమీ లేదు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చినప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ ఇప్పటిలా వేడిని బయటికి తోసేది కాదు, బయటి గాలిని లోపలికి, ప్రాసెసర్ మీదికి ఊదేది. డబ్బా లోపల ఒత్తిడి ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము రాదన్న లాభం అందులో ఉండేది. ఎస్‌ఎంపీఎస్‌ను తాకి వేడెక్కిన గాలే ప్రాసెసర్ మీద పడటం ఒక తలనొప్పి అయ్యి, ప్రాసెసర్లూ రోజురోజుకూ వేడెక్కిపోయి, తర్వాత ఆ ఫ్యాన్‌ను తిప్పి పెట్టారు. ఫ్యాన్ తిరగబడింది గానీ దాని వెనకున్న ఆలోచన తప్పని ఎవరూ అనలేదు.

మరి మూసి ఉంటే శుభ్రం అన్న నమ్మకం మనకెక్కడిది? నాకు తోచిన జవాబు ఒకటుంది. కంప్యూటర్ మన ఊళ్లకు వచ్చిన కొత్తలో దాన్ని దేవుడి గదిలో పెట్టినట్టు పెట్టాం. శిక్షణ కేంద్రం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోయిన తరం మాది. లోపల ఏసీ, మెషీన్ల మీద ప్లాస్టిక్ తొడుగులు. అప్పటి 486 ప్రాసెసర్ తినే కరెంటు ఎంత? కొన్ని వాట్లు. చాలావాటికి ఫ్యాన్ కూడా ఉండేది కాదు. అంత తక్కువ తినేదాన్ని మూసి పెట్టినా బతికేది. చెప్పులేసుకుని తిరగడం నేర్చుకున్నాం గానీ ప్లాస్టిక్ తొడుగు మాత్రం మనసులోంచి తీయలేదు. ఇప్పుడది అద్దం అయింది. ఆ డబ్బా మొత్తాన్ని "సీపీయూ" అని పిలిచే అలవాటూ అప్పటిదే. డబ్బానే ప్రాసెసర్ అనుకుంటే లోపల ఊపిరాడాల్సిన వస్తువు వేరే ఉందని ఎలా తడుతుంది?

అవతలివాళ్ల వాదనలో బలమైన మాట ఒకటుంది, దాన్ని దాచను. జాలీ కేబినెట్‌లోకి గాలి ఎక్కువ వస్తుంది, కాబట్టి దాంతో వచ్చే దుమ్మూ ఎక్కువే. పక్కపక్కన పెట్టి నెల తర్వాత చూస్తే జాలీ డబ్బా ముఖం మీదే ఎక్కువ దుమ్ము కనిపిస్తుంది. షాపులో దాన్నే వేలితో చూపించి "చూసిన్రా?" అంటారు. చూశాను. కనిపించే దుమ్మే నాకు కావాలి. ముందు ఫిల్టర్ మీద పడిన దుమ్మును నల్లా కింద పట్టి రెండు నిమిషాల్లో కడిగి ఆరబెట్టవచ్చు. రేకుల నడుమ కూర్చున్న దుమ్ము కోసం మెషీన్ మొత్తం విప్పాలి, థర్మల్ పేస్ట్ మళ్లీ పూయాలి, నన్ను పిలవాలి. నా కూలి డబ్బులకు ఎసరు పెట్టే మాట నేనే చెబుతున్నాను, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పాలిషింగ్ యూనిట్లో పనిచేసే మనిషిని చూడండి. ముక్కుకు రుమాలు కట్టుకుంటాడు. సాయంత్రానికి రుమాలు తెల్లబడుతుంది. రుమాలు మురికైందని ఎవరూ దాన్ని తప్పుపట్టరు; రుమాలు ఉన్నదే అందుకు. తాండూరులో నెలకోసారి, మా వికారాబాద్‌లో రెండు నెలలకోసారి కడిగితే సరిపోతుంది. కడగకుండా వదిలేస్తే మాత్రం జాలీ డబ్బా కూడా అద్దం డబ్బా అవుతుంది, అది ఒప్పుకుంటాను.

వేడి తట్టుకోలేక కొందరు పక్క డోరు తీసి పడేస్తారు. కొందరైతే టేబుల్ ఫ్యాన్ కూడా తిప్పుతారు. "డోర్ తీస్తే పది డిగ్రీలు తగ్గింది సార్!" అని గర్వంగా చెబుతారు. తగ్గుతుంది. తగ్గిందంటేనే ఆ డబ్బా పీక నొక్కుతోందని అర్థం. నిజానికి కేబినెట్ మంచిదా చెడ్డదా తేల్చుకోవడానికి ఇంతకన్నా చౌక పరీక్ష లేదు: హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేడి చూసుకుంటూ డోరుతో అరగంట, డోరు లేకుండా అరగంట అదే పని చేయించండి. తేడా రెండు మూడు డిగ్రీలే అయితే కేబినెట్‌ను తిట్టకండి. పది దాటితే తిట్టండి. పరీక్ష అయ్యాక డోరు మాత్రం బిగించండి. తెరిచిన డబ్బాలోకి దుమ్మే కాదు, బల్లి కూడా వస్తుంది. ఎస్‌ఎంపీఎస్ వెచ్చదనానికి ఒకటి వచ్చి మదర్‌బోర్డు మీద అడ్డంగా పడి చచ్చి, బోర్డునూ వెంటబెట్టుకు పోయింది. ఖాళీ స్లాట్లకు రేకులు ఉండాల్సిందేనని నేను పట్టుబట్టేదీ అందుకే.

వైర్ల సంగతికి వస్తే, ఇక్కడ నా పక్షం వాళ్లతోనే నాకు పేచీ. వైర్లు అందంగా సర్దితే కంప్యూటర్ చల్లబడుతుందని పిల్లలు గంటలు గంటలు టైలు బిగిస్తుంటారు. పాత ఐడీఈ పట్టీ వైర్లు చేతి వెడల్పున తెరల్లా వేలాడిన రోజుల్లో ఆ మాటకు అర్థం ఉండేది. సన్నని సాటా వైర్లు వచ్చాక, వైర్ల గుత్తి మరీ ఫ్యాన్‌కు అడ్డంగా లేకపోతే, సర్దుడు వల్ల తగ్గే వేడి ఒకటి రెండు డిగ్రీల లోపే. అయినా సర్దమనే చెబుతాను, కారణం వేరు: వేలాడే వైరు మీద నూగు చేరుతుంది, తుడవడానికి బ్రష్ దూరదు, ఒక్కోసారి వైరు ఫ్యాన్ రెక్కల్లో పడి టకటకమంటుంది. కేబినెట్ కొనేటప్పుడు వెనక డోరు కూడా తీసి చూడండి. మదర్‌బోర్డు పలకకూ ఆ డోరుకూ నడుమ రెండు సెంటీమీటర్లు లేకపోతే 24 పిన్ల లావు వైరు అక్కడ పట్టదు. డోరును మోకాలితో నొక్కి బిగించాల్సి వస్తుంది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి కొనేవాళ్లకైనా, ఇక్కడే కొనేవాళ్లకైనా నేను చెప్పేది ఇంతే. లైట్లు ఆర్పించి చూడండి. ముందు జాలీలోంచి దాని వెనకున్న ఫ్యాన్ కనిపిస్తోందో లేదో చూడండి. ఫిల్టర్ స్క్రూడ్రైవర్ లేకుండా ఊడి రావాలి, లేకపోతే మీరు దాన్ని కడగరు, నాకు తెలుసు. ఎస్‌ఎంపీఎస్ కింద ఉండేదైతే దాని కిందా ఒక ఫిల్టర్ ఉండాలి. ఫ్యాన్ వైరు నేరుగా ఎస్‌ఎంపీఎస్ మోలెక్స్‌కు పోతోందా, మదర్‌బోర్డుకు పోతోందా అడగండి. మోలెక్స్‌కు పోయేది రాత్రీ పగలూ ఒకే జోరున తిరుగుతూ ఊరికే దుమ్ము మింగుతుంది. డబ్బు మిగిలితే అద్దానికి పెట్టకుండా ఇంకో మంచి ఫ్యాన్‌కు పెట్టండి. కడిగే ఓపిక లేక డబ్బాను పంక్చర్ షాపుకు మోసుకుపోయి కంప్రెసర్ గాలి కొట్టించే అలవాటు మానండి. ఆ గాలిలో నీటి తుంపర ఉంటుంది. ఫ్యాన్లు దానికి పిచ్చెత్తినట్టు తిరిగి బేరింగులు పోతాయి.

ఆ స్టూడియో మెషీన్‌కు జాలీ కేబినెట్ మార్చాక కూడా వేడి నేననుకున్నంత తగ్గలేదు. మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి పోయి చూస్తే యజమాని కొత్త కేబినెట్‌ను తీసుకుపోయి కంప్యూటర్ టేబుల్‌కు కింద ఉండే సీపీయూ అరలో పెట్టి, దుమ్ము పడకుండా ఆ అర తలుపు మూసి గొళ్లెం పెట్టారు. మాట్లాడకుండా తలుపు బందులు విప్పేశాను, వెనక పలకనూ ఊడబీకాను. ఆయన ఆ తలుపును పారేయనివ్వలేదు. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలు దాని మీదే పెట్టి కత్తిరిస్తున్నారు.